సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్‌లో గోడౌన్లు, బిన్‌లు: చిన్న పరిశ్రమలు తొందరపడకూడని చోటు

సంపాదకుల గారికి,

నమస్కారములు. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, నాచారం పారిశ్రామికవాడల్లోనూ, విజయవాడ, విశాఖపట్నం ఆటోనగర్‌లలోనూ ఉన్న చిన్న తయారీ యూనిట్లు కొన్నేళ్లుగా బిన్ కార్డులనూ స్టాక్ రిజిస్టర్లనూ పక్కన పెట్టి కంప్యూటర్‌లో సరుకు లెక్కలు రాసుకోవడం మొదలుపెట్టాయి. జీఎస్టీ వచ్చాక లెక్కలు పక్కాగా ఉండవలసి రావడం, బ్యాంకుకు నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ పంపవలసి ఉండడం, ఫలానా భాగాన్ని ఏ లాట్ ఉక్కుతో తయారు చేశారో చెప్పమని పెద్ద కంపెనీలు అడుగుతూ ఉండడం ఇందుకు కారణాలు. ఇది మంచి మార్పే. అయితే ఆ సాఫ్ట్‌వేర్‌లో మొట్టమొదట చేయవలసిన పని, అంటే మన గోడౌన్లు (కొన్ని సాఫ్ట్‌వేర్‌ల మాటలో వేర్‌హౌస్‌లు) ఏవి, వాటిలో ఏ వస్తువు ఏ అరలో (బిన్‌లో) ఉంటుంది అన్నది నిర్ణయించి నమోదు చేయడం, చాలా చోట్ల అరగంటలో ముగించేస్తున్నారు. ఆ అరగంట తొందర వల్ల ఏళ్ల తరబడి జరిగే నష్టం గురించి మీ పత్రిక ద్వారా పరిశ్రమల యజమానులకూ, సాఫ్ట్‌వేర్ అమ్మేవారికీ, సాంకేతిక విద్యాసంస్థలకూ చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను. నేను చాలా కాలం స్టోర్స్ విభాగంలో పనిచేశాను. ఇప్పుడు చిన్న యూనిట్లకు సరుకు లెక్కలు గాడిలో పెట్టుకోవడంలో సాయం చేస్తున్నాను.

సాధారణంగా జరిగేది ఇది. సాఫ్ట్‌వేర్ అమ్మిన సంస్థ నుంచి ఒక యువకుడు వస్తాడు. అకౌంట్స్ గదిలో కూర్చుని, అకౌంటెంట్ ఇచ్చిన ఎక్సెల్ షీటులోని ఐటమ్ జాబితాను ఎక్కిస్తాడు. గోడౌన్ల దగ్గరికి వచ్చేసరికి సాఫ్ట్‌వేర్ తానే ఇచ్చిన పేర్లను అలాగే ఉంచేస్తాడు. టాలీలో అయితే 'మెయిన్ లొకేషన్' ఒక్కటే ఉంటుంది. ఈఆర్‌పీనెక్స్ట్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో కంపెనీ పేరు నమోదు చేయగానే 'స్టోర్స్', 'వర్క్ ఇన్ ప్రోగ్రెస్', 'ఫినిష్డ్ గూడ్స్', 'గూడ్స్ ఇన్ ట్రాన్సిట్' అనే నాలుగు వేర్‌హౌస్‌లు వాటంతట అవే తయారవుతాయి. అవి మొదలుపెట్టడానికి ఇచ్చినవి మాత్రమే. మన షెడ్డులో వెనుక వైపు రేకుల కింద రిజెక్షన్ మెటీరియల్ పడి ఉంటుందనీ, ప్లేటింగ్‌కు పంపిన పార్టులు వారం రోజులు బయటే ఉంటాయనీ ఆ సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ చెప్పలేదు కదా. ఆ యువకుడు స్టోర్స్‌లోకి అడుగు పెట్టకుండానే పని పూర్తయినట్టు సంతకం తీసుకుని వెళ్లిపోతాడు. స్టోర్‌కీపర్‌ను ఎవరూ పిలవరు. నన్ను ఎక్కువగా బాధించేది ఈ చివరి సంగతే.

వేర్‌హౌస్ ఎక్కడ పెట్టాలి, బిన్ ఎక్కడ పెట్టాలి అన్నదానికి నేను పాటించే సూత్రం ఒకటి ఉంది. సరుకు మీద బాధ్యత గానీ, దాని హోదా గానీ మారే ప్రతి చోటా ఒక వేర్‌హౌస్ ఉండాలి. ఆ వేర్‌హౌస్ లోపల మనిషి చేయి పెట్టి వస్తువు తీసే ప్రతి చోటికీ ఒక బిన్ సంఖ్య ఉండాలి. గోడలూ తలుపులూ దీనికి కొలమానం కాదు. ఒకే హాలులో గీత గీసి విడదీసిన రెండు భాగాలు రెండు వేర్‌హౌస్‌లు కావచ్చు; రెండు గదుల్లో ఉన్న ఒకే రకం ముడిసరుకు, ఒకే మనిషి తాళంలో ఉంటే, ఒకే వేర్‌హౌస్ కావచ్చు. ఈ విభజనకు ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఏర్పాటు ఉంది. శాప్ (SAP) సాఫ్ట్‌వేర్‌లో ప్లాంట్, దాని కింద స్టోరేజ్ లొకేషన్, వేర్‌హౌస్ నిర్వహణ కూడా వాడేచోట స్టోరేజ్ టైప్, స్టోరేజ్ బిన్ వరుసగా వస్తాయి. టాలీలో గోడౌన్ కింద మరో గోడౌన్ పెట్టుకోవచ్చు. ఈఆర్‌పీనెక్స్ట్‌లో రాక్‌నూ అరనూ కూడా ఉప వేర్‌హౌస్‌లుగానే సృష్టించుకుంటారు. లావాదేవీలు అన్నిటికన్నా కింది మెట్టులో ఉన్న వేర్‌హౌస్ మీదే జరుగుతాయి. ఒక వేర్‌హౌస్‌లో ఒక్కసారి లావాదేవీలు మొదలయ్యాక దాన్ని గ్రూపుగా, అంటే కింద ఉప వేర్‌హౌస్‌లు ఉండే వేర్‌హౌస్‌గా, మార్చడానికి ఆ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. 'స్టోర్స్' అనే ఒక్క పేరు మీద ఆరు నెలలు లెక్కలు నడిపాక దాన్ని రాక్‌లుగా విడదీయాలనుకుంటే, కొత్త వేర్‌హౌస్‌లు సృష్టించి సరుకంతా బదిలీ ఎంట్రీలతో తరలించవలసిందే. ముందే ఆలోచించమని చెప్పేది ఇందుకే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది రిజెక్షన్, తనిఖీ సరుకు విషయంలో. హైడ్రాలిక్ సిలిండర్లు చేసే ఒక యూనిట్‌ను తీసుకుందాం. వచ్చే నెల ఆర్డరుకు 500 ఆయిల్ సీల్స్ కావాలి. సాఫ్ట్‌వేర్‌లో 560 ఉన్నట్టు కనిపిస్తోంది. వాటిలో 180 నిన్ననే వచ్చాయి, క్యూసీ (నాణ్యత తనిఖీ విభాగం) ఇంకా చూడలేదు. 90 సీల్స్ పెదవి చిట్లి ఉన్నందున రిజెక్ట్ అయ్యాయి, సప్లయర్‌కు తిప్పి పంపాలి. నిజంగా వాడదగినవి 290 మాత్రమే. తనిఖీలో ఉన్నవన్నీ పాసైనా 470 దాటవు. కానీ మూడు రకాలూ ఒకే 'స్టోర్స్' కింద ఉన్నాయి కాబట్టి, కొనుగోలు ప్రణాళిక వేసే ఎంఆర్‌పీ (మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్) లెక్క వాటన్నిటినీ మంచి సరుకుగానే చూస్తుంది. సరుకు చాలినంత ఉంది, కొత్త ఆర్డరు అక్కర్లేదు అని చెబుతుంది. ఆ లోటు తయారీ సగంలో ఉండగా, అసెంబ్లీ టేబుల్ మీద బయటపడుతుంది. అప్పుడు ఎక్కువ ధరకు ఎక్కడో ఒకచోట కొనుక్కొస్తారు, లేదా డెలివరీ తేదీ తప్పుతారు. నిందేమో 'సాఫ్ట్‌వేర్ తప్పు లెక్క చెప్పింది' అని యంత్రం మీద పడుతుంది. తనిఖీకి ఒక వేర్‌హౌస్, మంచి సరుకుకు ఒకటి, రిజెక్షన్‌కు ఒకటి పెట్టి, ప్రణాళిక లెక్కలోకి మంచి సరుకును మాత్రమే రానిస్తే ఈ చిక్కు ఉండదు. ఈఆర్‌పీనెక్స్ట్‌లో సరుకు అందినప్పుడు రాసే పర్చేజ్ రసీదులోనే రిజెక్టెడ్ వేర్‌హౌస్ అనే గడి ఉంది. ఆ గడి ఖాళీగా వదిలేసిన యూనిట్లనే నేను ఎక్కువగా చూశాను.

ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. జీడిమెట్లలోనే పక్క వీధుల్లో ఉన్న మందుల కంపెనీలు డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ ఎం ప్రకారం క్వారంటైన్ (తనిఖీ కావలసిన), అప్రూవ్డ్ (పాసైన), రిజెక్టెడ్ సరుకును విడివిడిగా ఉంచి తీరాలి. ఆ యూనిట్లలో పనిచేసే హెల్పర్‌కు సైతం పసుపు లేబుల్, ఆకుపచ్చ లేబుల్, ఎర్ర లేబుల్ అంటే ఏమిటో తెలుసు. ఇంజినీరింగ్ యూనిట్ల మీద అటువంటి నిబంధన లేదు కాబట్టి అవసరం కూడా లేదనుకోవడం పొరపాటు.

ఇక జాబ్ వర్క్, అంటే మన సరుకును బయటి షాపుకు పంపి పని చేయించుకోవడం. మన దగ్గర చిన్న యూనిట్ ఏదీ అన్ని పనులూ తానే చేయదు. టర్నింగ్ ఒకచోట, హీట్ ట్రీట్‌మెంట్ ఒకచోట, జింక్ ప్లేటింగ్ మరొకచోట జరుగుతాయి. ఆటోలో డెలివరీ చలాన్‌తో బయలుదేరిన పార్టులు తిరిగి వచ్చేవరకు మన ఆస్తే, కానీ మన గోడౌన్‌లో ఉండవు. వాటికి జాబ్ వర్కర్ పేరున ఒక్కొక్క వేర్‌హౌస్ తప్పనిసరిగా ఉండాలి. టాలీలో గోడౌన్ సృష్టించేటప్పుడు 'మన సరుకు ఇతరుల దగ్గర', 'ఇతరుల సరుకు మన దగ్గర' అని గుర్తించే వీలు ఇందుకోసమే ఉంది. ఈఆర్‌పీనెక్స్ట్‌లో సబ్‌కాంట్రాక్టింగ్‌కు సప్లయర్ వేర్‌హౌస్ ఉంది. కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం 143వ సెక్షన్ ప్రకారం జాబ్ వర్క్‌కు పంపిన ముడిసరుకు ఏడాదిలోగా, యంత్ర సామగ్రి మూడేళ్లలోగా తిరిగి రాకపోతే, పంపిన రోజే దాన్ని సరఫరా చేసినట్టుగా పరిగణించి పన్ను వేస్తారు. వార్షిక టర్నోవర్ 5 కోట్ల రూపాయలు దాటినవారు ఆరు నెలలకోసారి, మిగతావారు ఏడాదికోసారి, జాబ్ వర్క్ సరుకు వివరాలు చూపే ఐటీసీ-04 ఫారం దాఖలు చేయాలి. ఎవరి దగ్గర ఎన్ని పీసులు, ఎప్పటి నుంచి ఉన్నాయో గోడౌన్ల వారీగా తెలిస్తే ఆ ఫారం నింపడానికి ఎంతో సేపు పట్టదు. తెలియకపోతే పాత చలాన్ పుస్తకాలు తిరగేయడంలోనే వారం గడుస్తుంది, అయినా ప్లేటింగ్ షాపు లెక్కకూ మన లెక్కకూ పొంతన కుదరదు.

షాప్ ఫ్లోర్ మీద పనిలో ఉన్న సరుకు గురించి యజమానులు నన్ను తరచూ అడిగే ప్రశ్న, ప్రతి మెషిన్‌కూ ఒక వేర్‌హౌస్ పెట్టాలా అని. వద్దు అనే నా సమాధానం. లేత్ మీద నుంచి మిల్లింగ్‌కు, అక్కడి నుంచి డ్రిల్లింగ్‌కు గంటకొకసారి కదిలే పార్టులకు ప్రతి కదలికా ఒక ఎంట్రీ చేయమంటే, రెండు రోజులు చేసి మూడో రోజు మానేస్తారు. మానేసినప్పటి నుంచి తెర మీద లెక్క ఒకటి, నేల మీద సరుకు ఒకటి. మెషిన్ షాప్‌కు ఒకటి, అసెంబ్లీకి ఒకటి, మధ్యలో పార్టులు రోజుల తరబడి ఆగే చోటు ఉంటే దానికి ఒకటి సరిపోతాయి. ఏ ఆపరేషన్ దగ్గర ఎంత పని అయిందన్నది జాబ్ కార్డు చెబుతుంది. దాన్ని వేర్‌హౌస్ చేత చెప్పించనక్కర్లేదు. వాడకాన్ని బిల్ ఆఫ్ మెటీరియల్ (ఒక్కో ఉత్పత్తికి ఏ సరుకు ఎంత పట్టాలో చూపే పట్టిక) ప్రకారం తీసేయాలా, షాప్ ఫ్లోర్‌కు నిజంగా ఇచ్చిన మేరకు తీసేయాలా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. తూకంలో, తరుగులో తేడా ఎక్కువగా వచ్చే పనుల్లో ఇచ్చిన మేరకే రాయడం మేలు. లేకపోతే తరుగంతా స్టోర్స్ తేడాగా పేరుకుపోయి, ఏడాది చివర స్టోర్‌కీపర్ మెడకు చుట్టుకుంటుంది.

బిన్ సంఖ్యల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. చాలామంది దీన్ని చిన్న పని అనుకుంటారు కానీ, రోజువారీ కష్టసుఖాలు దీని మీదే ఆధారపడి ఉంటాయి. బిన్ సంఖ్య ఇంటి డోర్ నంబరు వంటిది: ఇంట్లో ఎవరున్నా నంబరు మారకూడదు. 'బేరింగ్ రాక్', 'నట్టు బోల్టుల అర' అని పేర్లు పెడితే, రేపు ఆ అరలో గాస్కెట్లు పెట్టవలసి వచ్చినప్పుడు పేరు ఒకటి, వస్తువు ఒకటి అవుతాయి. వరుస, రాక్, అంతస్తు, గడి ఈ క్రమంలో ఏ-03-2-05 వంటి సంఖ్య చాలు. రాక్ సంఖ్యకు ముందు సున్నా తప్పక ఉండాలి. లేకపోతే కంప్యూటర్ అక్షర క్రమంలో పేర్చినప్పుడు ఏ-10 అన్నది ఏ-2 కంటే ముందు వస్తుంది, పికింగ్ లిస్టు (తీయవలసిన వస్తువుల జాబితా) పట్టుకున్న మనిషి ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూ ఉంటాడు. వరుసలకు ఇంగ్లిష్ అక్షరాలు వాడేటప్పుడు ఐ, ఓ అక్షరాలను వదిలేయాలి. గ్రీజు చేతులతో రాసిన చీటీ మీద అవి 1 గానూ 0 గానూ కనిపిస్తాయి. అంతస్తులను నేల నుంచి పైకి లెక్కించాలి. పైనుంచి మొదలుపెడితే, రేపు పైన మరో అర బిగించినప్పుడు సంఖ్యలన్నీ మారతాయి.

లేబుల్‌ను ప్లాస్టిక్ క్రేటుకు అంటించకూడదు, రాక్‌కే అంటించాలి. క్రేటు కదులుతుంది. ఎవరో దాన్ని కడగడానికి తీసుకెళ్లి ఇంకో గడిలో పెడతారు, దానితోపాటు చిరునామా కూడా వెళ్లిపోతుంది. తలకంటే ఎత్తున ఉన్న అరల సంఖ్యలను పక్కనున్న నిలువు స్తంభం మీద, కంటి ఎత్తులో, పైకి బాణం గుర్తుతో అంటిస్తే హెల్పర్ మెడ ఎత్తి వెతుక్కోనక్కర్లేదు. మన స్టోర్స్‌లో తెలుగువారితోపాటు ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవారూ పనిచేస్తున్నారు. అంకెలు, రంగులు అందరికీ అర్థమవుతాయి. పొడవాటి పేర్లు అర్థం కావు.

ఏ వస్తువు పక్కన ఏ వస్తువు ఉండాలన్నది కూడా ఆలోచించవలసినదే. 6205 బేరింగ్ లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 52, మందం 15. అందులోనే రెండు వైపులా రబ్బరు సీల్ ఉన్నది 2ఆర్‌ఎస్, ఇనుప రేకు మూత ఉన్నది జెడ్‌జెడ్. కొలతలన్నీ ఒకటే, అట్టపెట్టె కూడా ఒకే రంగు. చివరి రెండు మూడు అక్షరాలే తేడా. ఈ రెంటినీ పక్కపక్క గడుల్లో పెట్టిన ఏ స్టోర్స్‌లోనైనా ఒకదాని బదులు ఇంకొకటి ఇష్యూ కావడం ఖాయం. అప్పుడు ఒక ఐటమ్ లెక్కలో తక్కువ, ఇంకొకటి ఎక్కువ చూపిస్తుంది, తేడా ఎక్కడ వచ్చిందో ఎవరికీ తెలియదు. ఒకేలా కనిపించే వస్తువులను వేర్వేరు రాక్‌లలో పెట్టి సాఫ్ట్‌వేర్‌లో ఆ గడులనే వాటి స్థిర స్థానాలుగా రాస్తే సమస్య చాలావరకు తీరుతుంది. తరచూ వాడే వస్తువులకు ఇష్యూ కౌంటర్‌కు దగ్గరగా, నడుము ఎత్తులో స్థిరమైన గడులు ఇవ్వాలి. మిగిలినవాటికీ, గడిలో పట్టని అదనపు సరుకుకూ ఏది ఖాళీగా ఉంటే ఆ గడి వాడుకోవచ్చు. ఓ-రింగులు, జిగురులు, పెయింట్లు వంటి గడువున్న వస్తువుల్లో మాత్రం రెండు లాట్లను ఒకే గడిలో కలపకూడదు. కలిపితే పైనున్న కొత్తవి ముందు పోయి, అడుగునున్నవి గడువు దాటుతాయి.

కట్ పీసుల సంగతి ప్రత్యేకం. మెషిన్ షాపులు రౌండ్ బార్‌ను కిలోల్లో కొంటాయి, మిల్లీమీటర్లలో కోస్తాయి, పీసుల్లో లెక్కిస్తాయి. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుందని లేత్ మీద పనిచేసే ప్రతివారికీ తెలుసు. 50 మిల్లీమీటర్ల ఈఎన్8 (ఒక రకం ఉక్కు) బార్ మీటరుకు సుమారు 15.4 కిలోలు, ఆరు మీటర్ల బార్ 92.6 కిలోలు. దాని నుంచి 220 మిల్లీమీటర్ల ముక్కలు కోస్తూ పోతే చివర ఒక ముక్క మిగులుతుంది. ఆ ముక్క సాఫ్ట్‌వేర్‌లో ఇంకా బార్‌గానే ఉంటుంది, కిలోల్లో ఉంటుంది. నేల మీద మాత్రం గోడకు ఆనించిన కుప్పలో ఉంటుంది. వచ్చే వారం 150 మిల్లీమీటర్ల ముక్క కావలసినప్పుడు ఆ కుప్పను ఎవరూ వెతకరు, కొత్త బార్ కోస్తారు. కట్ పీసులకు విడిగా ఒక బిన్ వరుస పెట్టి, గ్రేడు ప్రకారం చివరకు రంగు పూసి, వ్యాసం, పొడవు రాసి, తిరిగి స్టోర్స్‌కు వచ్చినట్టు ఎంట్రీ చేయించిన యూనిట్లలో ఉక్కు కొనుగోలు తగ్గడం నేను చూశాను. ఎంత పొడవు కంటే చిన్న ముక్కను స్క్రాప్‌గా లెక్కించాలో ముందే నిర్ణయించి, స్క్రాప్‌కు కూడా ఒక వేర్‌హౌస్ పెట్టాలి. స్క్రాప్ అమ్మకం డబ్బే కదా.

ఇవన్నీ చదివి ప్రతి అరకూ ప్రతి డబ్బాకూ సంఖ్య ఇచ్చేయాలని ఉత్సాహపడేవారికి ఒక హెచ్చరిక. ఒక యూనిట్‌లో వాషర్లూ స్ప్లిట్ పిన్నులూ ఉండే చిన్న డబ్బాలకు సైతం విడివిడిగా బిన్‌లు పెట్టి, ఆ వందలకొద్దీ బిన్‌లను సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించారు. స్టోర్స్‌లో ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఇష్యూ చేసే ప్రతిసారీ సరైన బిన్‌ను ఎంచుకోవడానికి పట్టే సమయంలో కౌంటర్ ముందు ఆపరేటర్లు వరుస కట్టేవారు. చివరకు అతను అన్ని ఎంట్రీలనూ ఒకే బిన్ మీద వేయడం మొదలుపెట్టాడు. వాషర్ల వంటి చవక వస్తువులను రెండు డబ్బాల పద్ధతిలో, ఒకటి ఖాళీ అయితే రెండోది తీసి కొత్తదానికి ఆర్డరు పెట్టేలా, సాఫ్ట్‌వేర్ బయటే నడపడం మంచిది. లెక్కలో శ్రద్ధ ఖరీదైన వస్తువుల మీదా, లేకపోతే పని ఆగిపోయే వస్తువుల మీదా ఉండాలి.

ప్రారంభ నిల్వ నమోదు చేసే రోజు గురించి కూడా చెప్పాలి. పాత రిజిస్టరులోని నిల్వలను అలాగే కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే పాత తప్పులను కొత్త పుస్తకంలోకి కాపీ చేసినట్టే. ఫ్యాక్టరీకి సెలవున్న రోజున, గేటు దగ్గర సరుకు రాకపోకలు ఆపి, బిన్ వారీగా లెక్కించి, లెక్కించిన ప్రతి గడికీ ట్యాగు కట్టి, ఆ అంకెలనే ఎక్కించాలి. నిల్వ లేకపోయినా ఇష్యూ చేయనిచ్చే నెగెటివ్ స్టాక్ సదుపాయాన్ని మొదటి రోజు నుంచే మూసి ఉంచాలి. అది తెరిచి ఉంటే పని ఆగదు, నిజమే. కానీ నిల్వ మైనస్‌లోకి పోయినప్పుడు దాని ధర లెక్క కూడా చెడిపోతుంది, ఆ తరువాత లాభనష్టాల పట్టీని నమ్మలేం. ఏడాదికొకసారి మార్చి 31న అందరూ కలిసి లెక్కించడం కంటే, రోజూ కొన్ని బిన్‌లను లెక్కించుకుంటూ పోవడం ఎంతో నయం. తేడా వచ్చిన వారంలోనే దాని కారణం ఎవరికైనా గుర్తుంటుంది. పది నెలలు గడిస్తే ఎవరికీ గుర్తుండదు.

చట్టం ఈ విషయంలో ఏమి కోరుతోందో కూడా గుర్తు చేయడం అవసరం. సీజీఎస్టీ రూల్స్‌లో 56వ నిబంధన ప్రకారం ముడిసరుకు, తయారైన సరుకు, స్క్రాప్, వృథా వీటన్నిటి నిల్వలనూ, పోయినవీ దొంగిలించబడినవీ పాడైనవీ రద్దు చేసినవీ సహా, లెక్క రాసి ఉంచాలి. తయారీదారులు ప్రతి నెలా ఎంత ముడిసరుకు వాడి ఎంత ఉత్పత్తి చేశారో చూపే లెక్క కూడా ఉంచాలి. పోయిన, పాడైన, రద్దు చేసిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి పొందిన మినహాయింపును) సీజీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ కింద వెనక్కి ఇవ్వాలి. రిజెక్షన్, స్క్రాప్ వేర్‌హౌస్‌లు విడిగా లేని యూనిట్ ఆ అంకెలను ఎక్కడి నుంచి తెస్తుంది? కంపెనీల చట్టం కింద నమోదైనవారు 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి మార్పు జాడనూ భద్రపరిచే సాఫ్ట్‌వేర్‌లోనే ఖాతాలు రాయాలి. పాత తేదీలకు వెళ్లి నిల్వ ఖాతాలు సరిచేస్తే ఆ జాడ మిగులుతుంది, ఆడిటర్ అడుగుతాడు. బ్యాంకు డ్రాయింగ్ పవర్ (మనం వాడుకోగల అప్పు పరిమితి) లెక్కకట్టేది మనమిచ్చిన నిల్వ అంకెల మీదే. అగ్ని ప్రమాద బీమా కూడా సాధారణంగా పాలసీలో రాసిన చిరునామాల్లోని సరుకుకే వర్తిస్తుంది కాబట్టి, అద్దెకు తీసుకున్న రెండో షెడ్డును సాఫ్ట్‌వేర్‌లో విడి గోడౌన్‌గా రాయడమే కాక జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లోనూ, పాలసీలోనూ చేర్చారో లేదో చూసుకోవాలి.

యజమానులకు నా విన్నపం ఒక్కటే. సాఫ్ట్‌వేర్ కొనే ముందు స్టోర్‌కీపర్‌ను కూర్చోబెట్టుకుని, షెడ్డు పటం ఒక కాగితం మీద గీసి, ట్రక్కు దిగిన చోటు నుంచి సరుకు ఎటు వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో, ఎవరి చేతిలో ఉంటుందో ఆయన చేతనే చెప్పించండి. వేర్‌హౌస్‌ల పట్టిక ఆ కాగితం నుంచి రావాలి. స్టోర్స్‌కు తాళం వేసే అధికారం కూడా ఆయనకు ఇవ్వండి. రాత్రి షిఫ్టులో సూపర్‌వైజర్ తాళం తీసి చీటీ రాయకుండా బేరింగు తీసుకెళ్లే అలవాటు ఉన్న యూనిట్‌లో ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెట్టినా లెక్క నిలవదు. రాత్రి షిఫ్టుకు అవసరమయ్యే కొన్ని వస్తువులను ఒక బీరువాలో ఉంచి, దానికి విడిగా వేర్‌హౌస్ పెట్టి, తెల్లవారాక లెక్క సరిచూసుకోవడం మేలైన మార్గం.

సాఫ్ట్‌వేర్ అమ్మేవారు కనీసం ఒక పూట స్టోర్స్‌లో నిలబడి సరుకు రావడం, ఇష్యూ కావడం చూశాకే గోడౌన్లను నమోదు చేయాలి. అందుకు విడిగా రుసుము తీసుకున్నా అభ్యంతరం లేదు. 1968 నుంచి బాలానగర్‌లో ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, యూసుఫ్‌గూడలోని జాతీయ ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) సంస్థ, పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు స్టోర్స్ నిర్వహణ మీద చిన్న కోర్సులు పెట్టి, విద్యార్థులను నిజమైన షెడ్డుకు తీసుకెళ్లి బిన్ పటం వేయించాలని కోరుతున్నాను. టర్నర్‌కు, ఫిట్టర్‌కు సర్టిఫికెట్ ఉంది. కోట్ల రూపాయల సరుకును చూసుకునే మనుషుల్లో చాలామందికి మాత్రం ఈనాటికీ పని చేస్తూ నేర్చుకోవడమే దిక్కు. కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో ప్రారంభించిన ఎంఎస్ఎంఈ కాంపిటిటివ్ లీన్ పథకంలో సలహాదారుల రుసుములో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుంది, 5ఎస్ వంటి సర్దుబాటు పద్ధతులు అందులో భాగమే. పారిశ్రామికవాడల సంఘాలు ఆ పథకాన్ని స్టోర్స్ నుంచే మొదలుపెట్టిస్తే, సాఫ్ట్‌వేర్‌కు కావలసిన నేల మీది పని అంతా దానిలోనే అయిపోతుంది.

మీ పత్రిక వాణిజ్య పేజీలో పెట్టుబడులు, రాయితీల వార్తలకు ఇచ్చే స్థలంలో కొంత ఇటువంటి పనితీరు విషయాలకూ కేటాయించాలనీ, స్టోర్స్‌లో పనిచేస్తున్నవారి అనుభవాలను వారి మాటల్లోనే ప్రచురించాలనీ మనవి చేస్తున్నాను. మార్చి లెక్కింపుకు ముందే ఆ శీర్షిక మొదలైతే చాలా యూనిట్లకు ఈ ఏడాదే ఉపయోగపడుతుంది.

ఇట్లు
భవదీయుడు,
స్టోర్స్ విభాగంలో పనిచేసిన ఒక పాఠకుడు,
బాలానగర్, హైదరాబాద్